ముక్కుకు తెలియని గాలి

వంటగ్యాసు లీకైతే ఇంట్లో అందరికంటే ముందు ఆడవాళ్ళకే తెలుస్తుంది. వంటింటి గుమ్మం తొక్కకముందే "గ్యాసు కట్టేశారా?" అని కేక వినిపిస్తుంది. నిజానికి ఆ వాసన గ్యాసుది కాదు. మనం జాగ్రత్త పడాలని కంపెనీవాళ్ళు కలిపే మందుది. కార్బన్ మోనాక్సైడ్‌కు అలా వాసన కలిపేవారు ఎవరూ లేరు. అది సిలిండరులో రాదు, మన నిప్పులోనే పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట లేదు. ఈసారి దాన్ని గురించీ, దాన్ని కనిపెట్టే పరికరం గురించీ నాలుగు మాటలు రాస్తాను. మనవాళ్ళు నడిపే ఒక కల్యాణ మండపంలో ఆ పరికరం అమర్చే పని ఈమధ్య నా మీద పడింది.

బొగ్గు, కట్టె, గ్యాసు, డీజిలు ఏది కాలినా చాలినంత గాలి అందితే బొగ్గుపులుసు వాయువు వస్తుంది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. మన నెత్తురులోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకునేదానికంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. దాంతో ఒంటికి ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం. పెళ్ళింట్లో ఇవన్నీ నిద్ర చాలకనో, తిండి పడకనో వచ్చాయనుకుంటాం. నిద్రలో ఉన్నవారికి ఆ మాత్రమూ తెలియదు. వేలికి తగిలించే ఆక్సీమీటరు కూడా మోసపోయి అంతా బాగుందనే చూపిస్తుంది.

2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్‌లోని డామన్‌కు విహారయాత్రకు వెళ్ళినవారిలో ఎనిమిది మంది, అందులో నలుగురు పిల్లలు, చలికి గ్యాసు హీటరు పెట్టుకుని పడుకుని మళ్ళీ లేవలేదు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో మంచు తుఫానుకు కరెంటు పోయినప్పుడు, ఇంటిలోపల జనరేటర్లు నడిపి, గరాజులో కార్లు ఆన్ చేసి వెచ్చదనం కోసం కూర్చుని ఎందరో ఈ గాలికి బలయ్యారు. మన పిల్లలు కూడా చాలామంది ఉన్న రాష్ట్రం అది.

"చలిదేశాల సంగతి మనకెందుకు? రాజపాళయంలో హీటరు ఎవరు పెడతారు?" అని మీరు అడగవచ్చు. మనకు చలి లేకపోయినా జనరేటరు ఉంది. 2012 ప్రాంతంలో తమిళనాడంతా గంటల తరబడి కరెంటు పోయిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మిల్లుల సరే, అంగళ్ళకూ, మండపాలకూ అప్పుడు జనరేటరు తప్పనిసరి అయింది. అదికాక స్నానాల గదిలో గ్యాసు గీజరు, బాలింత గదిలో కుంపటి, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఎలాగూ ఉన్నాయి.

నేను చెప్పే మండపంలో జనరేటరు షెడ్డు వెనుకవైపు ఉంది. దాని పొగగొట్టం కింది గది కిటికీకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. ముహూర్తానికి ముందు రాత్రి పెద్దవాళ్ళూ, పసిపిల్లల తల్లులూ జంపఖానాలు పరుచుకుని పడుకునేది ఆ గదిలోనే. కమిటీలో పెద్దాయన ఒకరు, "కిటికీలు తెరిచే ఉంటాయి కదా అల్లుడూ, గాలి ఆడుతుంది" అన్నారు. "గాలి ఆడుతుంది కాబట్టే పొగ లోపలికి వస్తోంది మామా" అన్నాను. వాదన పెంచకుండా చేతిమీటరు గది మధ్యలో పెట్టి జనరేటరు వేయించాను. సున్నా మీద ఉన్న అంకె ఒక్కొక్కటే ఎక్కడం ఆయన కళ్ళారా చూశారు. ఆ తరువాత మాట్లాడలేదు. మరునాడే కొత్తగొట్టం కొలతలకు మనిషిని పిలిపించారు.

అదే మొదటి పని. సెన్సర్ కాపలావాడు మాత్రమే, వైద్యుడు కాదు. పొగగొట్టాన్ని కిటికీలకు దూరంగా, కప్పుకు పైగా ఎత్తిన తరువాతే పరికరం తగిలించాం.

ఎక్కడ తగిలించాలన్నది రెండో సంగతి. వంటగ్యాసు గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. అందుకే దాని పరికరం కింద పెడతారు. కార్బన్ మోనాక్సైడ్ బరువు దాదాపు గాలి బరువే, గదంతా కలిసిపోతుంది. కాబట్టి పడుకునేవారి దగ్గర, మనిషి ఊపిరి పీల్చే ఎత్తులో పెట్టాం. పొయ్యి పక్కనా, స్నానాల గది ఆవిరిలోనూ, ఫ్యాను గాలి నేరుగా కొట్టే చోటా పెట్టకూడదు. ఇంకొక్క మాట. వంటగ్యాసును పట్టే పరికరం దీన్ని పట్టదు. రెండూ వేరు.

ఇక సరిచూడటం. అంగడిలో తూనికరాళ్ళకు ప్రభుత్వ ముద్ర వేయిస్తాం కదా, ఇదీ అలాంటిదే. ఇళ్ళకు అమ్మే పరికరం ఫ్యాక్టరీలోనే సరిచేసి వస్తుంది. మనం ముట్టుకోనక్కరలేదు, గడువు తీరాక మార్చాలి. దాని మీది బటను నొక్కితే కూత పలుకుతుందా లేదా అన్నదే తెలుస్తుంది, లోపలి సెన్సర్ బ్రతికి ఉందో లేదో తెలియదు. మండపంలో పెట్టిన పెద్ద రకాన్ని మాత్రం సరిచూడాలి. ముందు శుభ్రమైన గాలిలో సున్నా చూపించాలి. ఆ తరువాత పది లక్షల పాళ్ళలో వంద పాళ్ళు కార్బన్ మోనాక్సైడ్ కలిపిన చిన్న సిలిండరు నుంచి, నిమిషానికి అర లీటరు చొప్పున, గొట్టం ద్వారా సెన్సర్ మూతికి గాలి వదలాలి. రెండు మూడు నిమిషాలకు అంకె నిలకడగా నిలుస్తుంది. అది వంద కాకపోతే వందకు సరిచేసి, గాలి ఆపి, మళ్ళీ సున్నాకు దిగిందో లేదో చూడాలి. సిలిండరుకూ గడువు తేదీ ఉంటుంది, అదీ చూసుకోవాలి.

"ఇంత తతంగం ఎందుకు, స్కూటరు పొగ పట్టి చూస్తే పోలా?" అన్నాడు ఎలక్ట్రీషియన్. ఆ పొగలో ఎంత ఉందో తెలియనప్పుడు మీటరు ఎంత చూపాలో ఎలా చెబుతాం? పైగా ఆ మసికి సెన్సరే పాడవుతుంది.

రెండు నెలల తరువాత ఒకరోజు జనరేటరు వేయకుండానే మేడమీది సెన్సర్ కూసింది. "దండగ సామాను, తీసిపారేయండి" అన్నారు కొందరు. వెళ్ళి చూస్తే ఎవరో ఇన్వర్టరు బ్యాటరీలను ఆ గదిలోకి చేర్చి చార్జింగ్‌కు పెట్టారు. చార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్‌ను ఈ సెన్సర్ కార్బన్ మోనాక్సైడ్‌గా భ్రమపడుతుంది. మూసిన గదిలో హైడ్రోజన్ చేరడమూ ప్రమాదమే కనుక, కూసి మంచిపనే చేసింది. బ్యాటరీలు వరండాలోకి వెళ్ళాయి, సెన్సర్ గోడమీదే ఉండిపోయింది.

ఇళ్ళకు వాడే పరికరం వెంటనే కూయకపోతే కంగారు పడకండి. యూరపు ప్రమాణం ప్రకారం పది లక్షలకు 50 పాళ్ళుంటే గంట నుంచి గంటన్నర లోపల, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాలలో, 300 ఉంటే మూడు నిమిషాలలోపే కూయాలి. కూత వినగానే కారణం వెతుకుతూ లోపల నిలబడకండి. నిద్రపోయేవారిని లేపి, పిల్లలను ఎత్తుకుని బయటికి రండి. తలనొప్పి, వాంతి ఉన్నవారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళి, జనరేటరు పొగ పీల్చారని డాక్టరుకు విడమరచి చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే ఎంతటి డాక్టరుకైనా మామూలు తలనొప్పిలాగే కనిపిస్తుంది.

మండపం ఆఫీసులో ఇప్పుడొక నోటుపుస్తకం ఉంది. ఆరు నెలలకోసారి సరిచూసిన తేదీ, చూపిన అంకె, చేసినవారి సంతకం అందులో ఉంటాయి. దాన్ని అడిగి తెప్పించుకుని చూసేది ఎవరనుకున్నారు? ఆ మామే.

రాబోయేది పెళ్ళిళ్ళ కాలం. మండపం మాట్లాడుకునేటప్పుడు వంటపాత్రలు ఎన్ని, కుర్చీలు ఎన్ని అని అడుగుతాం. ఈసారి జనరేటరు పొగ ఎటు పోతుందని కూడా అడగండి. వెనుకకు నడిచి వెళ్ళి ఒకసారి చూసి రండి. అందుకు ఖర్చేమీ లేదు.