తప్పు దిద్దే మర్యాద

ఏటా ఆగస్టు 29వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. అది గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు. మరి పదకొండు రోజులు గడచి సెప్టెంబరు 9 వచ్చేసరికి, కాళోజీ నారాయణరావు జన్మదినాన, తెలంగాణ భాషా దినోత్సవం వస్తుంది. ఈ రెండు పండుగల నడుమ భాషాభిమానం పొంగిపొరలుతూ ఉంటుంది. సభలూ సన్మానాలూ సరేసరి. చేతిఫోనులో నాలుగు పంక్తుల తెలుగు వ్రాసి పదిమందికి పంపిన ప్రతివానికీ ఆ దినాలలో ఒక పరీక్షాధికారి ఎదురవుతాడు. శుభాకాంక్షలు చెప్పినవానికి బదులు శుభాకాంక్షలు రావు. ముందు ఆ మాట సరిగా వ్రాయడం నేర్చుకొమ్మన్న మందలింపు వస్తుంది. చూస్తున్న పదిమందీ నవ్వుతారు. వ్రాసినవాడు ఆ పంక్తిని తుడిచివేస్తాడు.

ఈ పండుగలు ఎవరి పేర జరుగుతున్నవో ఆ యిద్దరూ ఇటువంటి పరీక్షాధికారులను ఎదిరించి పేరు పొందినవారు కావడం ఇందులోని వింత. ఆ వింతను కాస్త విచారించవలసిన అవసరం ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఎక్కువగా ఉన్నది. దిద్దేవాడు తయారయ్యేదీ, దిద్దించుకొనేవాడు బెదిరిపోయేదీ ముందుగా బడిలోనే గదా.

తప్పు దిద్దడమే తప్పని ఎవరూ అనరు. అచ్చయిన ప్రతి మంచి పుస్తకం వెనుకా ప్రూఫులు దిద్దిన చేయి ఒకటి ఉంటుంది. ఆ దిద్దినవాని పేరు పాఠకునికి తెలియదు, అతడు దిద్దిన తప్పూ తెలియదు. గ్రంథకర్తకూ అతనికీ మధ్య ఆ సంగతి ముగిసిపోతుంది. గుట్టుగా జరిగింది గనుకనే అది ఉపకారమైనది. అదే తప్పును నలుగురి ఎదుట ఎత్తి చూపిన క్షణాన వ్యవహారం మారిపోతుంది. అక్కడ దిద్దబడేది మాట కాదు, మనిషి. మర్యాద అన్న మాటకు సంస్కృతంలో హద్దు అనీ, పొలిమేర అనీ గూడ అర్థమున్నది. తెలుగువారు దానిని ఎక్కువగా గౌరవమన్న అర్థంలోనే వాడుకుంటున్నారు గాని, తప్పులు దిద్దేవానికి ఆ మొదటి అర్థమే ఎక్కువ పనికివస్తుంది.

ఇంతకూ ఆ దొరికే తప్పులెటువంటివి? నేడు తెలుగు వ్రాసేవారిలో చాలమంది కలం పట్టడం లేదు. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే యంత్రమే వాటిని తెలుగు చేసి చూపుతున్నది. ఆ పద్ధతులలో పలువాటియందు చిన్న ఎన్ నొక్కితే 'న', పెద్ద ఎన్ నొక్కితే 'ణ'; 'ల, ళ'ల సంగతీ అంతే. వేలు తొందరపడితే బాణం 'బాన'మవుతుంది, కళ 'కల' అవుతుంది. అది వేలి తప్పేగాని బుద్ధి తప్పు కాదని గ్రహించడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. అయినా నవ్వులలో సగం వీటిమీదనే.

మిగిలిన సగం ఒత్తులమీద. అర్థమంటే భావం, అర్ధమంటే సగం. భావాన్ని సగం చేసి వ్రాసేవారు నేడు కోకొల్లలు. విద్యార్థి 'విద్యార్ధి' కావడం బడి గోడలమీద గూడ కనిపిస్తుంది. శ్రద్ధాంజలి ఘటించబోయి 'శ్రద్దాంజలి' ఘటిస్తారు. ఒకరి ఉచ్చారణను తప్పుపడుతూ దానిని 'ఉచ్ఛారణ' అని వ్రాసేవారికి గూడ లోటు లేదు. ఇక సన్న్యాసి అని సరిగా వ్రాసినవానిని పట్టుకొని, ఒక 'న' ఎక్కువైనదని దిద్దబోయే భాషాభిమానులున్నారు. సం, న్యాసం అన్న రెండూ కలిసిన మాట గనుక అక్కడ వ్రాసినవాడే ఒప్పు. నిఘంటువు తెరచి చూడడానికి పట్టే నిమిషంపాటు దిద్దుబాటు ఆగితే ఎంతమంది పరువు నిలుస్తుందో చెప్పలేము!

అయితే ఈ ఒత్తుల తప్పులో మరొక సంగతి ఇమిడి ఉన్నది. ఖ, ఘ, ఛ, ఝ, థ, ధ మొదలైన వర్గయుక్కులు ప్రధానంగా సంస్కృతపు మాటలతో తెలుగులోకి వచ్చినవని వ్యాకరణాలే చెబుతున్నవి. శ్లోకం చెవిన పడే ఇంట పుట్టిన బిడ్డకు అవి ఉగ్గుపాలతో అబ్బుతవి. పొద్దు పొడవకముందే కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డ వాటిని మొదటిసారి వినేది బడిలోనే. 2018లో తెలంగాణలో వచ్చిన చట్టం పాఠశాలలలో తెలుగును తప్పనిసరి పాఠ్యాంశం చేసిన తరువాత, ఇంట ఉర్దూ, లంబాడీ, గోండీ మాట్లాడే పిల్లలు గూడ మరింతమంది తెలుగు వ్రాయవలసి వచ్చింది. కాబట్టి ఒత్తు తప్పినదని నవ్వేటప్పుడు, నవ్వేవానికి తెలిసినా తెలియకపోయినా, ఆ నవ్వు పోయి తగిలేది ఒక అక్షరానికి కాదు, ఒక ఇంటికి.

అవమానం వల్లనే చదువు వస్తుందని వాదించేవారు లేకపోలేదు. వారికి అనుకూలంగా కనబడే కథ ఒకటి సోమదేవుడు 11వ శతాబ్దిలో రచించిన కథాసరిత్సాగరంలో ఉన్నది. తెలుగు నేలను గూడ ఏలిన వంశం పేరు మోసే శాతవాహన రాజు దాని నాయకుడు. రాజు రాణులతో జలక్రీడలాడుతుండగా ఒక రాణి తనపై నీళ్ళు చల్లవద్దని సంస్కృతంలో అన్నది. మా, ఉదకైః అన్న రెండు మాటలూ గుణసంధి వలన 'మోదకైః' అయినవి. రాజుకు సంధి తెలియదు. మోదకాలు కోరినదనుకొని గంపలతో తెప్పించాడు. రాణి నవ్వింది, అంతటితో ఊరుకోక, ఈ మాత్రం సంధి తెలియని రాజువా అని పరిజనం వింటూండగా ఎత్తిపొడిచింది. రాజు ఉల్లాసం పోగొట్టుకొని, ఎవరితోనూ పలుకక మంచమెక్కాడు. వ్యాకరణానికి పన్నెండేండ్లు పడుతుందనీ, తాను ఆరేండ్లలో నేర్పగలననీ గుణాఢ్యుడన్నాడు. ఆరు నెలలు చాలునన్నాడు శర్వవర్మ. అట్లా జరిగితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడింటినీ విడిచిపెడతానని గుణాఢ్యుడు పందెం కాశాడు. శర్వవర్మ కాతంత్ర వ్యాకరణంతో మాట నెగ్గించుకొన్నాడు. రాజు పండితుడైనాడు.

కథను ఇక్కడ ఆపి, చూశారా అవమానం ఎంత మేలు చేసిందో అంటారు. కాని కథ అక్కడ ఆగలేదు. భాషలన్నీ విడిచిన గుణాఢ్యుడు అడవికి పోయి, పైశాచి నేర్చి, ఆ భాషలో ఏడు లక్షల గ్రంథంగా బృహత్కథను రచించి రాజు దగ్గరకు పంపాడు. ఒకనాడు సంధి తెలియక నవ్వులపాలైన ఆ రాజే, పైశాచి నీరసమైన భాష అని దానిని త్రోసివేశాడు. గుణాఢ్యుడు ఒక్కొక్క పత్రమే చదివి మృగాలకూ పక్షులకూ వినిపిస్తూ నిప్పులో వేశాడు. ఆరు లక్షలు దగ్ధమైన తరువాత గాని రాజు వచ్చి మిగిలిన లక్షను కాపాడలేదు. అవమానం రాజుకు వ్యాకరణం నేర్పిన మాట నిజమే. దానితోపాటు మరొకరి భాషను ఈసడించడం గూడ నేర్పింది. పైగా ఆయన రాజు. ఆరు నెలలు రాజ్యభారం మంత్రులకు వదలి, శర్వవర్మ అంతటివానిని ఎదుట కూర్చోబెట్టుకోగలిగినాడు. పదవ తరగతి పిల్లవానికి మంచమెక్కడమొక్కటే మిగులుతుంది. ఈ కాలంలో మంచమెక్కడమంటే తెలుగు లిపి మానివేసి, తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసుకోవడం. అక్కడ ఒత్తు తప్పినదని అడిగేవారుండరు.

పండితులు ఒకరి తప్పులొకరు పట్టుకోవడం మాత్రం తెలుగు దేశానికి క్రొత్త కాదు. తిరుపతి వేంకటకవులకూ వేంకట రామకృష్ణ కవులకూ నడచిన 'గీరతం' వాదాన్ని నాటివారు ముచ్చటగా చెప్పుకొన్నారు. అది సమానుల మల్లయుద్ధం. ఇద్దరికీ పట్లు తెలుసును. బరిలోకి దిగని బాటసారిని పడవేసి తొడ గొట్టడం మల్లవిద్య అనిపించుకోదు.

గిడుగువారి వాదాన్ని ఈ సందర్భంలో సరిగా తెలుసుకోవలసి ఉన్నది. ఆయన తప్పులు పట్టనివారేమీ కారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండి, పాఠ్యగ్రంథాల భాషకూ పిల్లల భాషకూ ఉన్న దూరాన్ని కండ్లారా చూసినవారు. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షం వహించినప్పుడు, ఆ పక్షపు మహాపండితుల వ్రాతలనే తీసుకొని, వారు శిరసావహించిన వ్యాకరణం ప్రకారమే వాటిలో లెక్కలేనన్ని తప్పులున్నవని వరుసగా చూపించారు. ఎగతాళి చేయడం అక్కడ ఆయన ఉద్దేశం కాదు. అంతటివారికే పట్టుబడని భాషను పసిపిల్లలచేత ఎట్లా వ్రాయించగలరు, ఇదీ ఆయన ప్రశ్న. దిద్దుబాటు క్రిందివానిపై గాక పైవానిపైకి తిరిగింది. 1919లో ఆయన 'తెలుగు' అన్న పత్రికను నడిపినదీ ఈ వాదం కోసమే. వ్యావహారికం విశ్వవిద్యాలయాల పరీక్షలలో నిలద్రొక్కుకొనేసరికి మాత్రం ఆయన కన్నుమూసి (1940) చాలకాలమైంది.

నేటి పరీక్షాధికారులు ఆ కొలబద్దను తమ వ్రాతకు అన్వయించుకొంటే ఏమవుతుంది? పూర్వం వాఁడు, నేఁడు అన్నవాటికి అరసున్న తప్పనిసరి; చెఱువుకూ గుఱ్ఱానికీ బండిరా ఉండవలసిందే. అవి లేని వ్రాత ఒకప్పుడు చదువు లేనివాని వ్రాత. నేడు వాటిని పాటించేవారెవరు? చిన్నయసూరి బాలవ్యాకరణం ముందు పెట్టుకొని చూస్తే, తప్పు దిద్దుతూ వ్రాసిన పంక్తిలోనే నాలుగు తప్పులు తేలుతవి. ఇందువలన నియమాలే వద్దని కాదు. 'అర్థం', 'అర్ధం' వేరు మాటలు. ఆ భేదం పోతే భాషకు నష్టం. అరసున్న పోయినందువలన వచ్చిన నష్టం స్వల్పం. ఏది నష్టం, ఏది మార్పు అన్న వివేచన లేనివాడు దిద్దడానికి తగడు.

మార్పు సంగతి ఇట్లుండగా, ప్రాంతభేదం సంగతి మరింత సున్నితమైనది. 'వచ్చాడు' అన్నది ఒప్పు, 'వచ్చిండు' అన్నది తప్పు అని నమ్మినవారు 1956 తరువాత ఒకటయిన రాష్ట్రంలో తక్కువ కారు. నిజానికి ఆ రెండూ 'వచ్చినవాఁడు' అన్న పాత మాట అరిగి ఏర్పడిన రూపాలే. ఒకటి ఒకవైపు అరిగింది, రెండవది మరొకవైపు. పుస్తకాలలోనూ పత్రికలలోనూ మొదటిది నిలిచిపోవడానికి కారణం అచ్చుయంత్రాలు ముందుగా ఏ జిల్లాలవారి చేతికి వచ్చినవన్నదే గాని, వ్యాకరణంలోని గొప్ప కాదు. తమ పలుకును సినిమాలలో నవ్వుకోసం వాడుకొన్నారన్న బాధ తెలంగాణవారిలో ఎంతకాలం రగిలినదో, 2014లో ప్రత్యేక రాష్ట్రం ఏర్పడడానికి వెనుక ఉన్న మనస్తాపాలలో దానికెంత చోటున్నదో తెలిసినదే. కాళోజీ ఆ పలుకు పక్షాన నిలిచారు. ఆయన పుట్టినది కర్ణాటకలోని రట్టిహళ్ళిలో. తల్లిది కన్నడం, తండ్రిది మరాఠీ. ఇంటిభాషను చూసి తెలుగుదనం కొలిచేవారి లెక్కలో ఆయన ఎక్కడ నిలుస్తారో!

బహిరంగంగా దిద్దవలసిన తప్పులు లేవా? ఉన్నవి, అక్కడ నోరు మెదపకపోవడమే ఆశ్చర్యం. పాఠ్యపుస్తకంలో తప్పు పడితే వేలకొలది పిల్లలు దానిని ఒప్పుగా నేర్చుకొంటారు. ప్రశ్నపత్రంలో తప్పు పడితే విద్యార్థి మార్కులు పోతవి. ప్రభుత్వ ఉత్తరువులలోనూ, ఊరి పేరు చెప్పే రహదారి పలకలమీదా తప్పులుంటే అవి ఆ ఊరివారందరి తరఫునా వ్రాసిన వ్రాతలు. వాటిని సిద్ధం చేసేవారికి జీతమున్నది, వ్యవధి ఉన్నది, చూపించుకోవడానికి పండితులున్నారు. అక్కడ మొహమాటం కూడదు. కాని ఇటువంటి పలకను ప్రతిదినం చూస్తూ పోయే పెద్దమనిషే, తండ్రి పోయిన దుఃఖంలో ఎవరో వ్రాసుకొన్న రెండు పంక్తులలో ఒత్తు లేదని గుర్తుచేస్తాడు. అధికారిని దిద్దడానికి కావలసినంత ధైర్యం, దుఃఖితుని దిద్దడానికి అక్కరలేదు మరి.

ఉపాధ్యాయుని సంగతి వేరు. దిద్దడం ఆయన వృత్తి, హక్కు గూడ. అమెరికాలో పెరుగుతున్న మనుమడు పండుగనాడు ఫోనులో పలికిన తెలుగును తాతగారు మాటమాటకూ దిద్దితే, మరుసటి పండుగకు ఆ బాలుడు ఇంగ్లీషులో పలకరించి ఊరుకోగలడు. బడిపిల్లవానికి ఆ వెసులుబాటు లేదు. తెలుగు వ్యాసం వ్రాసి తీరాలి. తన ఊరి చెరువు గురించి ఒక పుట వ్రాశాడనుకొందాం. అందులో చేపలు పట్టే మేనమామ ఉన్నాడు, ఎండాకాలంలో బయటపడే పాత మెట్లున్నవి, ఆ మెట్ల విషయమై ముసలివారు చెప్పే కథ ఉన్నది. ఒత్తులు పదకొండుచోట్ల తప్పినవి. పదకొండుచోట్లా ఎర్రసిరా పడుతుంది. తరగతిలో మూడింటిని పైకి చదివి వినిపించడం గూడ జరుగుతుంది. మేనమామను గురించి ఒక్క మాటా ఉండదు. తరువాతి వ్యాసానికి ఆ పిల్లవాడు జాగ్రత్తపడతాడు. ఒత్తు ఉండవచ్చునని అనుమానం తోచిన మాట నెల్లా వదలివేస్తాడు. చెరువు పెద్దది, చెరువులో నీరు ఉండును, చెరువు మనకు మేలు చేయును అని వ్రాస్తాడు. తప్పులు లేవు గనుక ఈసారి మార్కులు ఎక్కువ వస్తవి.