గోడ వాన్ల కూలలే, నల్లా నీళ్లకు కూలింది

మా ఊర్ల సంక్రాంతికి ముంగట ఒక అవ్వ ఇంటి ఎనుక గోడ కూలింది. తెల్లారగట్ల నాలుగింటికి. వాన లేదు, గాలి లేదు. అవ్వ ముందరి అర్రల పండుకున్నది గనుక బతికింది. గోడ కింద రెండు బస్తాల వడ్లు, ఒక మేకపిల్ల పోయినయి. పొద్దుగాల మంది జమైన్రు. పాత గోడ ఎన్నొద్దులుంటది అని ఒకరు, మట్టిగోడ గదా అని ఇంకొకరు. నేను వంగి గోడ అడుగున చెయ్యి పెట్టిన. మట్టి పిండిముద్ద లెక్క వేళ్లకు అంటింది. చుట్టుపక్కల నేలంతా ఎండిపోయి ఉన్నది, గా గోడ పొంటి జాగా మాత్రం తడి తడి. దాని పక్కకే పంచాయతీ నల్లా పైపు పోతది.

ఎవరి మీదనో చాడీ చెప్పుదామని ఇది రాస్తలేను. ఆ పైపు కారుతున్నదని నాకు రెండు నెలల కిందనే తెలుసు. ఊరి నీళ్ల కమిటీల ఏడేండ్ల సంది ఉన్నోన్ని. "బిడ్డా, గోడ చెమ్మగిల్లుతున్నది, జర చూడు" అని అవ్వ రెండుసార్లు చెప్పింది. పోయిన, సైకిల్ ట్యూబు ముక్క చుట్టిన, తీగతో బిగిచ్చిన, వచ్చిన. మళ్ల తిరిగి చూడలే. గందుకే ఈ లెక్క నా నుంచే మొదలువెడుతున్న.

మా కమిటీ అంటే ఏంది? ఒక ఆర్వో ప్లాంటు, ఒక బోరు, ఒక ఆపరేటరు, ఒక రసీదు బుక్కు. ఇరవై లీటర్ల క్యాను ఐదు రూపాయలకు పోస్తం. కరెంటు బిల్లు కట్టాలె, ఫిల్టర్లు మార్చాలె, మెంబ్రేన్ పోతే కొత్తది ఎయ్యాలె, ఆపరేటరుకు జీతమియ్యాలె. వసూలు ఉన్నది, ఖర్చు ఉన్నది, బాకీలున్నయి, అలిగేటోళ్లున్నరు. దీన్ని చిన్నపాటి కంపెనీ అనక ఏమంటరు? తెలంగాణల ఊరూరికి ఇసొంటియి ఉన్నయి, కొన్ని సంస్థలు పెట్టిచ్చినయి, కొన్ని ఊరోళ్లే చందాలేసుకొని పెట్టుకున్నయి. సర్పంచులు లేని కాలంల ఊరి లోపలి పైపుల రిపేరు గూడ మెల్లగ మా నెత్తినే పడ్డది. 2024 ఫిబ్రవరిల పాత పాలకవర్గాల గడువు అయిపోయింది, 2025 డిసెంబర్ల గానీ ఎన్నికలు కాలే. నడిమిట్ల అంతా స్పెషలాఫీసర్ల పాలన. ఎన్నికైన పంచాయతీ లేదని కేంద్రం ఆర్థిక సంఘం పైసలు ఆపింది. మోటరు కాలినా, వాల్ పలిగినా పంచాయతీ సెక్రటరీ చేతి పైసలు పెట్టుకున్న ఊర్లున్నయి. మా దగ్గర ప్లాంటు గల్లాల నుంచి తీసి నడిపిచ్చినం.

గిక్కడ అసలు ముచ్చట. నీళ్లు ఇచ్చుడు ఒక పని అనుకున్నం. ఇచ్చిన నీళ్లు ఎటు పోతున్నయో చూసుడు మన పని కాదనుకున్నం.

లెక్క చూడుండ్రి. మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండల మొదలైంది. పల్లెల మనిషికి దినానికి 100 లీటర్లు దాని లెక్క. 2019ల వచ్చిన కేంద్రం జల్ జీవన్ మిషన్ లెక్క 55 లీటర్లు. పూర్తిగ 100 అందుతున్నయా అన్నది వేరే కొట్లాట, అందినయనే అనుకుందాం. ఇంటికి నలుగురు, మూడొందల ఇండ్లు. దినానికి లక్షా 20 వేల లీటర్లు ఊర్లకొస్తయి. వాడిన నీళ్లల్ల 80 శాతం దాకా మురికినీళ్లయి బయటికొస్తయని ఇంజనీర్లు మోరీలు కట్టేటప్పుడు లెక్కేసుకుంటరు. అంటే 96 వేల లీటర్లు, ప్రతి దినం. మా అమ్మ బోరింగు కాడ నుంచి నెత్తి మీద మోసిన కాలంల ఇంటికి ఆరు బిందెలొస్తే గొప్ప. గా ఆరు బిందెలు వాకిట్ల సల్లితే ఇంకిపోయేటియి. ఇప్పుడొచ్చే నీళ్లు ఎక్కడ ఇంకాలె? నల్లా వచ్చింది, మోరీ రాలే. వచ్చిన కాడ సగంల ఆగింది. ఆగిన జాగ ఎవరిదో ఒకరి ఇంటి పునాదే.

దీనికి తోడు సీసీ రోడ్డు. పదేండ్లల్ల మా వాడల రోడ్డు రెండుసార్లు పోసిన్రు, పాతది తియ్యకుండనే దాని మీద కొత్తది. అవ్వ ఇల్లు కట్టినప్పుడు గడప రోడ్డుకు రెండు మెట్లు పైన. ఇప్పుడు గడప రోడ్డు కింద. ఆమె ఇల్లు ఇంచు గూడ కుంగలే, బజారే లేచింది. ఎత్తు ఇండ్లోళ్లు కడిగిన నీళ్లు, వాన నీళ్లు, నల్లా బంద్ చెయ్యకుంటే పారే నీళ్లు అన్నీ దిగి ఆమె గోడకు తాకుతున్నయి. రోడ్డు పోసినప్పుడు బిల్లుల మందం చూస్తరు గానీ రెండు దిక్కుల ఇండ్ల గడపలు ఎంత ఎత్తుల ఉన్నయో ఏ కాయితంల రాయరు.

మట్టిగోడ ఎట్ల కూలుతదో తమ్ముళ్లు, చెల్లెండ్లు తెలుసుకోవాలె. పైనుంచి కురిసే వాన కన్నా అడుగు నుంచి ఎక్కే చెమ్మ ప్రమాదం. మట్టి నీళ్లను కింది నుంచి పైకి గుంజుతది, దీపంల వత్తి నూనె గుంజినట్టు. అడుగు మెత్తబడ్డంక పైన బరువు అట్లనే ఉంటది. చెమ్మ కనపడంగనే మనోళ్లు ఏం చేస్తరంటే, అడుగున మూడు ఫీట్ల దాకా సిమెంటు గిలాబు కొట్టిస్తరు. బయటికి సక్కగ కనపడతది. లోపలి తడి ఆరెటందుకు తొవ్వ బంద్ అయితది. అవ్వ గోడకు గూడ సిమెంటు ఉండె. కూలిన నాడు సిమెంటు పెచ్చు పలక లెక్క నిలబడ్డది, ఎనుక మట్టి జారిపోయింది. ఇటుక ఇల్లయితే భయం లేదనుకోకుండ్రి. నల్లరేగడి నేల నానితే ఉబ్బుతది, ఎండితే కుంచుకపోతది. ఒక మూలకు పైపు కారి అక్కడ్నే ఉబ్బితే స్లాబు ఇల్లయినా గోడ మూలకు పర్రె వాస్తది. కొత్తిల్లు కట్టిన మేస్త్రీని తిట్టుకుంట కూసుంటరు, బయట నల్లా గుంత చూడరు.

ఇంకో సంగతి, ఇది పానానికి సంబంధించింది. మనకు నీళ్లు దినమంతా రావు. గంటనో రెండు గంటలో ఇడుస్తరు. ఇడిసినప్పుడు పైపుల జోరు ఉంటది, సందు నుంచి నీళ్లు బయటికి చిమ్ముతయి. బంద్ చేసినంక పైపు ఖాళీ అయితది, అప్పుడు అదే సందు బయటి నీళ్లను లోపలికి గుంజుతది. సందు చుట్టూ ఉన్నది మోరీ నీళ్లయితే తెల్లారి మొదటి బిందెల అదే వస్తది. అవ్వ గోడను నాన్పిన సందు, నాలుగిండ్ల అవతల పోరగాళ్లకు వాంతులు, విరేచనాలు పెట్టే సందు ఒక్కటే అయ్యే వీలున్నది. నేను చుట్టిన ట్యూబు ముక్క రెంటికీ అడ్డం కాలే.

గోడ కూలినంక అవ్వకు ఏమొస్తది? నేను తిరిగిన. వానకో వరదకో కూలితే విపత్తు సాయం లెక్కలున్నయి. 2022-26 లెక్కల పూర్తిగ కూలిన ఇంటికి మైదాన ప్రాంతంల లక్షా 20 వేలు, కొంత దెబ్బతిన్న కచ్చా ఇంటికి 4 వేలు, పక్కా ఇంటికి 6,500. 2024 సెప్టెంబర్ల మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడు, అంతకుముందు ఏడు మోరంచవాగు మోరంచపల్లిని ముంచినప్పుడు సాయం ఎంత, ఎప్పుడు అని పేపర్లల్ల, టీవీలల్ల కొట్లాడుకున్నరు. కొట్లాడెటందుకైనా ఒక లెక్క ఉండె. పంచాయతీ పైపు కారి కూలితే? అది ప్రకృతి వైపరీత్యం కాదు. ఒక ఆఫీసుల సారు సల్లగ అన్నడు, "వాన పడ్డ దినం కూలితే రాసుకుందుము." కోర్టుకు పోవచ్చు, నిర్లక్ష్యం అని దావా ఎయ్యొచ్చు. పింఛను మీద బతికే మనిషి రెండు బస్తాల వడ్ల కోసం ఏ కోర్టు మెట్లు ఎక్కుతది? మా కమిటీల గూడ ఇదే పంచాది. పైపు పంచాయతీది, మాకేం సంబంధం అని ఒకాయన లేచిండు. రిపేరుకు పోయింది ఎవరు మరి అని నేనన్న. సెక్రటరీ మండలం దిక్కు చూపిచ్చిండు, మండలం సారు పై నీళ్లు మాయి, ఊరి లోపలి పైపులు మీయి అన్నడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్ల తాగునీళ్లు పంచాయతీ పనులల్ల ఒకటి. నీళ్లు పంచాయతీవైనప్పుడు నీళ్లు చేసిన నష్టం ఎవరిది?

ఒడిశాల గ్రామ వికాస్ అనే సంస్థ 1990ల నుంచి గంజాం దిక్కు ఊర్లల్ల పని చేస్తున్నది. వాళ్లది ఒక మొండి షరతు. ఊర్ల ఒక్క ఇల్లు తప్పకుండ అన్నీ కలవాలె, దళితుల ఇల్లు, ఒంటరి ఆడమనిషి ఇల్లు తోసహా. సగటున ఇంటికి వెయ్యి రూపాయల చొప్పున నిధి జమ చెయ్యాలె, ఉన్నోళ్లు ఎక్కువ లేనోళ్లు తక్కువ. ఇంటింటికి పాయిఖానా, తానాల గది కట్టుకున్నంకనే నల్లా. అంటే వాడిన నీళ్లకు జాగ చూపిచ్చినంకనే నీళ్లు. నిధిని ముట్టరు, మిత్తి మీద ముంగట వచ్చే కొత్త ఇండ్లకు పని చేస్తరు. ఇది స్వర్గమని చెప్తలేను, సంస్థ పోయినంక కమిటీ నడుసుడు ఎంత కష్టమో నాకెరుకే. వరుస మాత్రం మనది తలకిందులైంది, వాళ్లది సక్కగున్నది.

మా కమిటీ ముంగట నేను పెట్టిన లెక్క చిన్నది. మూడొందల ఇండ్లు, నెలకు ఇంటికి పది రూపాయలు. నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు. ఇది ప్లాంటు గల్లాల కలవద్దు, వేరే ఖాతా. పైపు కారి ఎవరి గోడ పోయినా గల పైసలు దీంట్ల నుంచి, ముందుగల్ల సొంత పైపు దగ్గర పెట్టుకొని పట్టిచ్చుకోనోళ్లకు కాదు, ఫిర్యాదు చేసినోళ్లకు. ఫిర్యాదు నోటితోని కాదు, బుక్కుల తారీకేసి రాయాలె. అవ్వ చెప్పిన రెండు మాటలు బుక్కుల ఉంటే నేను తప్పిచ్చుకోలేకపోదును. ఒకాయన పది రూపాయలకు అడ్డం పడ్డడు. ఆయన డాబా మీది సింటెక్స్ నిండి పొర్లేదే ఇందుల సగం కారణం, ఆ మాట ఆయనకు మొఖం మీదనే చెప్పిన, ఇప్పుడు మాటల్లేవు.

పోరగాళ్లు చేసే పని ఒకటున్నది, ఫోను చాలు. ఒక దినం ఒక లైను వాల్ మాత్రమే తిప్పి, గా లైను మీది ఇండ్లన్నీ గంటసేపు నల్లాలు బంద్ పెట్టుండ్రి. ట్యాంకిల నీళ్ల మట్టం ముంగట, తర్వాత కొలువుండ్రి. 60 వేల లీటర్ల ట్యాంకిల నీళ్ల ఎత్తు మూడు మీటర్లయితే, ఒక సెంటీమీటరు దిగితే 200 లీటర్లు పోయినట్టు. ఎవరూ పట్టుకోని నీళ్లు గా లెక్కన నేలల పోతున్నట్టే. కారే సందు కింద లీటరు సీసా పెట్టుండ్రి. నిమిషంల నిండితే, పైపుల నీళ్లున్నంతసేపు గంటకు 60 లీటర్లు. అంటే జల్ జీవన్ లెక్కల ఒక మనిషి దినం వాటా కన్నా ఎక్కువ. కారే జాగల ఫొటో, ఇంటి గడప, రోడ్డు ఎత్తు తేడా, అన్నీ తారీకుతోని జమ చెయ్యుండ్రి.

జమ చేసి గ్రామసభల పెట్టుండ్రి. ఇప్పుడు సర్పంచులు ఉన్నరు. 15వ ఆర్థిక సంఘం పైసలల్ల 30 శాతం తాగునీళ్లు, వాననీళ్ల కోసం, ఇంకో 30 శాతం పారిశుధ్యం కోసం కట్టేసి ఇచ్చేటియి. దాని గడువు 2026 మార్చి దాకనే. వచ్చే పైసలతోని మళ్ల సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు పోద్దామనే మాట మా ఊర్ల అప్పుడే మొదలైంది.

అవ్వ గోడకు మా ప్లాంటు గల్లాల నుంచి ఇటుక తెచ్చినం. ఈపాలి పైపును గోడకు నాలుగు ఫీట్ల దూరం జరిపి, ట్యూబు ముక్క తీసేసి కొత్త క్లాంపు ఏసినం. క్లాంపు, రబ్బరు, కూలి కలిపి ఆరు వందలయింది. మేకపిల్ల సంగతి అవ్వ ఇంకా అడుగుతనే ఉన్నది.