ఒక్క దినపు ద్వీప ప్రదక్షిణము

మారిషస్ ద్వీపమునకు విహారార్థము పోవువారు నేడు మన ప్రాంతమున అరుదు కారు. అట్లు పోయినవారు సామాన్యముగా ఒక దినమునకు కారును, దానిని నడుపుచునే విశేషములను దెలుపు మార్గదర్శిని కుదుర్చుకొని, ఉదయమున బయలుదేరి సాయంకాలమునకు బసకు చేరుదురు. పదుగురితో కలసి బస్సులో పోవుటకంటె ఇందు వ్యయ మధికము. అయినను ఇదియే మేలని మా యభిప్రాయము. పిల్లవాడు ప్రశ్న యడిగినపుడు బండి నిలిపి బదులు చెప్పువాడు బస్సులో దొరకడు.

అయితే కారు మనదైనంత మాత్రమున దినము మనది కాదు. మార్గదర్శికి అలవాటైన త్రోవ యొకటి యుండును. క్యూర్‌పిప్ నందలి చల్లారిన అగ్నిపర్వత బిలము, గంగా తలావు, బ్లాక్ రివర్ లోయలు, షమారెల్ జలపాతము, అచ్చటి ఏడు వన్నెల నేల, తుదకు లె మోర్న్ సముద్రతీరము. నడుమ ఓడ బొమ్మలు చేయు కర్మాగారము, దాని దుకాణము! అందు గడచు గంట మనది. లాభము తరచు వేరొకరిది. కావున ఎన్ని గంటలు, ఎన్ని తావులు, ప్రవేశ రుసుము ఎవరిది అనునవి ముందుగనే తేల్చుకొనవలెను. సంతలో కొబ్బరికాయకు బేరమాడు మనము అచ్చట మొగమాటపడనేల?

ద్వీపము పొడవు సుమారు 65 కిలోమీటర్లే. చిన్నదే గదా యని తొమ్మిది తావులు పెట్టుకొన్నవారు కారు కిటికీని మాత్రము చూచి వత్తురు. నాలుగు చాలును. లె మోర్న్ వద్ద ఇసుకను చూచి మరలక, పైనున్న కొండను గూర్చి యడుగవలెను. పారిపోయిన బానిసలు తలదాచుకొన్న కొండ యది. 2008లో యునెస్కో వారసత్వ స్థలముల పట్టికలో చేరినది.

ఆ నాలుగింటిలో ఒకటి పోర్ట్ లూయీ రేవునందలి అప్రవాసి ఘాట్ కావలెనని మేము గట్టిగా కోరుచున్నాము. దక్షిణపు త్రోవను పట్టిన కారు దీనిని విడిచిపోవుట కద్దు. చూచుటకు అందమైనది కాదు. కొన్ని రాతిమెట్లు, కొన్ని గదులు. కాని 1834 మొదలుకొని చెరకు తోటల పనికై ఒడంబడికపై తేబడిన లక్షలాది భారతీయులు దిగిన రేవు ఇదియే. వారిలో మనవారును గలరు. మన యానామునకు అనతి దూరముననున్న కోరంగి రేవున ఓడ యెక్కినందున తెలుగువారికి ఆ దీవిలో కోరంగీలను పేరే వచ్చినది. ఆ దీవియు 1810 వరకు ఫ్రెంచివారి యేలుబడిలోనిదే. మన యానాము 1954 వరకు.

నేడు అచ్చటి తెలుగువారి యిండ్లలో వినబడునది ఎక్కువగా క్రియోల్ భాష. అయినను ఉగాది ఆ దేశమున ప్రభుత్వ సెలవుదినము. రామభజనలు సాగుచున్నవి, పాఠశాలలలో కోరినవారికి తెలుగు నేర్పుచున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభ అచ్చటనే జరిగినది. ఇంట మాటాడు భాషయే పోయినవారు దానిని బడిలో మరల వెదకుకొనుచుండగా, ఇంట నున్న భాషను బడిలో వలదనుకొను తల్లిదండ్రులు మనలో గలరు! "తెలుగు చదివి ఏమి లాభము?" అను ప్రశ్నను వారు మమ్మడుగుటకంటె ఆ దీవిలో నొక తెలుగు కుటుంబము నడిగి చూడవచ్చును.

కావున కారు ఎక్కగనే మార్గదర్శి పేరడుగుడు. అప్పలస్వామి యనియో, వెంకటస్వామి యనియో చెప్పినచో, మధ్యాహ్న భోజనమునకు అతనిని మీ ప్రక్కనే కూర్చుండబెట్టుకొని, అవ్వ ఏ పాట పాడెడిదో పిల్లలచేత అడిగింపుడు. ఓడ బొమ్మల దుకాణమునకు పోవలసిన గంట అందులకు సరిపోవును.