ఉన్నట్టుండి మాయమయ్యే హార్డ్‌డిస్కు

ప్రశ్న: మా ఇంటి కంప్యూటర్‌లో ఉబుంటు లైనక్స్ వాడుతున్నాం. హార్డ్‌డిస్కులు రెండున్నాయి. పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ ఉన్న రెండో డిస్కు ఒకరోజు కనిపిస్తుంది, ఇంకోరోజు కనిపించదు. తెలిసిన కుర్రాడు ‘లైనక్స్ తీసేసి విండోస్ వేస్తే సరిపోతుంది’ అంటున్నాడు. వేయించమంటారా?
- ఓ పాఠకుడు, కౌకూర్

జవాబు: వద్దు. డిస్కు ఈసారి కనిపించగానే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు ఫొటోలు వేరేచోటికి కాపీ చేసుకోండి. మరమ్మతు ఆ తర్వాతే.

తప్పు లైనక్స్‌దో కాదో తేల్చడం తేలికే. డిస్కు కనిపించనప్పుడు కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి, డిలీట్ కీగానీ ఎఫ్2గానీ నొక్కి బయాస్‌లోకి వెళ్లండి. బయాస్ పనిచేసేది లైనక్స్ మొదలవకముందే. అక్కడా డిస్కు పేరు లేదంటే లైనక్స్‌ని తిట్టి లాభం లేదు. విండోస్ వేసినా అదే తంతు.

ఇలా వచ్చిపోయే జబ్బుకి ఎక్కువసార్లు కారణం డిస్కు కాదు, దానికి తగిలించిన వైర్లు. సాటా కేబుల్ కాస్త వదులైనా చాలు, కనెక్షన్ తెగుతూ కలుస్తూ ఉంటుంది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకేసి, కేబుల్ రెండు కొసలూ తీసి గట్టిగా పెట్టండి. అయినా తగ్గకపోతే కొత్త కేబుల్ వేసి, మదర్‌బోర్డు మీద వేరే పోర్టుకి మార్చండి. సికింద్రాబాద్ వైపు వెళ్లినప్పుడు పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కేబుల్ దొరుకుతుంది, పెద్ద ఖరీదేం కాదు.

పొద్దున మొదటిసారి ఆన్ చేసినప్పుడు కనిపించక, రీస్టార్ట్ చేస్తే కనిపిస్తోందా? అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించాలి. తిరగలి కదిలించడానికే బలమెక్కువ కావాలి కదా, డిస్కుదీ అదే తీరు. పెద్ద సైజు డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు 12 వోల్టుల లైన్‌లో దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది, తిరుగుతున్నప్పుడు అందులో సగం కూడా అక్కర్లేదు. పాతబడిన ఎస్‌ఎంపీఎస్ ఆ మొదటి కుదుపు తట్టుకోలేదు. ఒక వైరుని రెండుగా చీల్చే స్ప్లిట్టర్ ఉంటే దాన్నీ తీసేయండి.

లైనక్స్‌లో ఉన్న సుఖం ఏమిటంటే జరిగిందంతా రాసి పెడుతుంది. టెర్మినల్‌లో సుడో అని కొట్టి, ఖాళీ వదిలి డి, ఎమ్, ఇ, ఎస్, జి అక్షరాలు కలిపి టైప్ చేయండి. ‘హార్డ్ రీసెట్టింగ్ లింక్’ అన్న మాట పదేపదే వస్తుంటే కేబుల్‌నో కరెంటునో చూసుకోవాలి. స్మార్ట్‌మాన్‌టూల్స్ వేసుకుంటే డిస్కు ఆరోగ్యం అంకెల్లో తెలుస్తుంది. 199వ వరుసలోని అంకె పెరుగుతుంటే తప్పు చాలావరకు కేబుల్‌దే. కేబుల్ మార్చినా అది సున్నాకి రాదు, కంగారు పడకండి, ఆగిందా లేదా అన్నదే చూడాలి. 5, 197 వరుసల్లో అంకెలు పెరుగుతుంటే మాత్రం డిస్కే పాడవుతోంది.

బయాస్‌లో ఉండి లైనక్స్‌లో ఫోల్డర్ మాత్రం తెరుచుకోకపోతే సంగతి వేరు. ఎస్‌డిఏ, ఎస్‌డిబి అనే పేర్లు ఏ డిస్కుకీ శాశ్వతం కాదు, స్టార్ట్ చేసినప్పుడల్లా తారుమారు కావచ్చు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఆ పేరు బదులు యూయూఐడీ రాయిస్తే సరి.

డిస్కులోంచి టక్ టక్‌మని చప్పుడొస్తుంటే పైవేవీ చేయకండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం అన్నిటికంటే ప్రమాదం. ఫొటోల కాపీ ఇంకెక్కడా లేకపోతే అలాగే ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్లకి అప్పగించండి.