మా ఇంటి సర్వరుకూ ఒక పేరుండాల

"పల్లెటూళ్లో సర్వర్ ఎందుకు? అవ్వ పాటలు యూట్యూబ్‌లో పెట్టు" అంటారు. పెట్టొచ్చు. కానీ మా అవ్వ గొంతు ఎవరు వినాలో మా ఇంటివాళ్లమే చెప్పాల. అందుకే ఆ పాటలు మా పాత కంప్యూటర్‌లోనే దాచినాను. బెంగళూరులో ఉండే మామ పాస్‌వర్డ్ కొట్టి వింటాడు.

చిక్కల్లా అడ్రసుతోనే. ఇంటర్నెట్ కంపెనీ మన ఇంటికిచ్చే ఐపీ అడ్రస్ మారుతా ఉంటుంది. దీనికి మందు డైనమిక్ డీఎన్ఎస్. కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రాం ఒకటి కాపలా ఉండి, అడ్రస్ మారగానే మన పేరు పక్కన కొత్తది రాయిస్తుంది. మామకు పేరు గుర్తుంటే చాలు. పేర్ల పట్టీని ఇట్లా దిద్దే పద్ధతికి 1997లోనే నియమాలు రాసినారు.

అయితే చానా కంపెనీలు ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే అడ్రస్ పంచుతాయి. అప్పుడు బయటివాళ్లకు మన వాకిలే కనపడదు. ఈ ప్రోగ్రాం ఉన్నా దండగే. "అడ్రసులు అయిపోయినాయి" అంటారు. పాత ఐపీవీ4 అడ్రసులు సుమారు 430 కోట్లే, ఆసియాలో 2011లోనే కరువొచ్చింది, నిజమే. మరి ఐపీవీ6లో కరువేది? ఇంటింటికీ ఇయ్యొచ్చు కదా!

తిరుమణి చుట్టుపక్కల సోలార్ పార్కు 2,050 మెగావాట్లది. ఊరూరికీ కరెంటు పంపే పావగడ తాలూకా, తన పాటను తన ఇంటినుంచి పంపుకోకూడదా?

అమ్మానాన్నలారా, కనెక్షన్‌కు డబ్బు కట్టేముందు స్పీడు ఒక్కటే అడగొద్దండి. "మా ఇంటికి బయటినుంచి దారి ఉంటుందా? ఐపీవీ6 ఇస్తారా?" అని గట్టిగా అడగండి. అడగనోళ్లకు ఎవరూ ఇయ్యరు.