ఐటీ జాబ్స్: కోడ్‌కు యాస లేదు.. మరి ఇంటర్వ్యూలో యాసెందుకు అడ్డు?

పల్నాడు జిల్లా రాజుపాలెం లాంటి మండలాల్లో మిర్చి, పత్తి పండించే ఇళ్ల నుంచి బీటెక్ చదివిన పిల్లలు హైదరాబాద్ బాట పడుతున్నారు. ప్రోగ్రామ్ రాయమంటే రాసేస్తారు. ఇంగ్లీష్‌లో రెండు నిమిషాలు మాట్లాడమంటేనే తడబాటు. చాలామందికి బండి ఆగేది అక్కడే.

అమెరికా దారీ ఇరుకైంది. ఆ దేశం బయటున్న వారి కోసం వేసే కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు విధిస్తూ ట్రంప్ 2025 సెప్టెంబర్ 19న ఉత్తర్వుపై సంతకం చేశారు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదించిన ఈ వీసాల్లో 70 శాతానికి పైగా భారతీయులవే. మనిషిని తీసుకెళ్లడం భారమైతే కంపెనీలు పనినే ఇక్కడికి పంపొచ్చు. దానికీ బ్రేక్ వేసేలా, ఔట్‌సోర్సింగ్ చెల్లింపులపై 25 శాతం పన్ను కోరుతూ సెనేటర్ బెర్నీ మొరెనో బిల్లు పెట్టారు.

ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. క్లయింట్ చెప్పింది అర్థం చేసుకోవడం, తప్పెక్కడుందో మెయిల్‌లో స్పష్టంగా రాయడం.. ఇది నైపుణ్యం. ఉద్యోగానికి అవసరం, నేర్పితే వచ్చేదే. ఇక పల్లె యాస వినగానే 'వీడికి పని రాదు' అని తేల్చేయడం.. ఇది చిన్నచూపు. దీనికి కోచింగ్‌తో మందు లేదు.

మన యాసను అమెరికాలో ఎగతాళి చేస్తే మండిపడతాం. అదే పని హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ టేబుల్‌కు అటువైపు కూర్చున్న మనవాళ్లే చేస్తే? ఈ వడపోత మారకపోతే, ఉద్యోగాలు సముద్రం దాటి వచ్చినా రాజుపాలెం దాకా రావు.