ఆటకు తెలుగు నేర్పే వంతు మనదే

"పిల్లలు వీడియో గేముల్లో పడి తెలుగు వాచకం ముట్టడం లేదు." బెంగళూరులోని మన భాషా మైనారిటీ పాఠశాలల్లో ఏ తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినా ఈ మాట వినిపిస్తుంది. ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం ఎవరూ చెప్పరు. మన పిల్లలకు కథల మీద ఆకలి తగ్గలేదు. ఆ ఆకలి తీర్చుకోవడానికి వాళ్లు వెళ్లిన చోట తెలుగు లేదు, అంతే. ఇరవై ఏళ్లుగా గేములు ఆడుతున్నవాడిగా, ఇంకా విడుదల కాని ఒక గేమును ఆసరాగా తీసుకుని ఈ మాట వివరిస్తాను.

ఆ గేము పేరు 'ది విచర్ 4'. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ తయారు చేస్తోంది. 2027 కంటే ముందు రాదని కంపెనీయే చెప్పింది. ఇది 'యాక్షన్ రోల్ ప్లేయింగ్' రకం. ఈ రకం ఆటలో మనం ఒక పాత్రను ధరించి ఊళ్లు తిరుగుతాం, యుద్ధం చేస్తాం, ఎదురైన వాళ్లతో మాట్లాడతాం. వాళ్లు అడిగిన దానికి ఏ జవాబివ్వాలో మనమే ఎంచుకోవాలి. ఆ జవాబును బట్టి కథ మలుపు తిరుగుతుంది. మన పెద్దలకు ఇది కొత్తేమీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు'లో మణిసిద్ధుడు, గోపకుడు కాశీకి నడుస్తూ ప్రతి మజిలీలో ఒక కథలోకి వెళ్తారు. ఈ గేములూ అదే దారిలో నడుస్తాయి. తేడా ఒక్కటే: ఇక్కడ గోపకుడు వింటూ కూర్చోడు, కథలోకి దిగి నిర్ణయాలు తీసుకుంటాడు.

2024 డిసెంబరులో వచ్చిన మొదటి ట్రైలర్ ఆరు నిమిషాల పాటు సాగుతుంది. ఒక పల్లెలో ఊరి ఆచారం ప్రకారం ఒక అమ్మాయిని అడవిలోని మృగానికి బలి ఇవ్వడానికి పంపుతారు. దాన్ని వాళ్లు దేవుడనే నమ్ముతారు. కథానాయిక సిరి అడ్డుపడి, అమ్మాయిని వెనక్కి పంపి, మృగాన్ని చంపుతుంది. తిరిగి ఊరికి వచ్చేసరికి ఆ అమ్మాయి ప్రాణాలతో ఉండదు. ఆచారం తప్పిందన్న భయంతో ఊరివాళ్లే ఆమెను చంపేశారు. కత్తితో గెలిచిన సిరి ఆ భయం ముందు ఓడిపోయింది. గత మూడు ఆటల్లో నాయకుడు గెరాల్ట్ కాగా, ఈసారి అతని పెంపుడు కూతురు సిరికి ఆ స్థానం దక్కింది. 2025 జూన్‌లో చూపిన సాంకేతిక ప్రదర్శనలో ఆమె గుర్రంతో ఒక రేవు పట్టణానికి వస్తుంది. అక్కడి సంతలో వందల మంది ఎవరి పనిలో వాళ్లుంటారు. పొద్దున్నే కేఆర్ మార్కెట్‌లో నిలబడ్డట్టు అనిపించింది. అది ప్రదర్శన మాత్రమే, అసలు ఆట ఎలా ఉంటుందో ఆడాకే తెలుస్తుంది. నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం బొమ్మల నాణ్యత కాదు, ఆ పల్లె కథ. ఆ మృగం, ఆ ఊరి నమ్మకం స్లావ్ జాతుల జానపదాల నుంచి వచ్చినవి. వాళ్ల అమ్మమ్మలు చెప్పిన కథలను వాళ్లు ప్రపంచానికి అమ్ముతున్నారు.

ఇది ఎలా సాధ్యమైందో మన పాఠశాలలు తెలుసుకోవాలి. సీడీ ప్రాజెక్ట్‌ను 1994లో మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ అనే ఇద్దరు స్కూలు స్నేహితులు మొదలుపెట్టారు. విదేశీ గేముల సీడీలు తెచ్చి అమ్మడం వాళ్ల వ్యాపారం. దొంగ కాపీలు వీధివీధినా దొరికే మార్కెట్ అది. 1999లో వాళ్లు 'బాల్డర్స్ గేట్' అనే పెద్ద రోల్ ప్లేయింగ్ గేమును పోలిష్‌లోకి అనువదించారు. పేరున్న నటులతో డబ్బింగ్ చెప్పించారు. దొంగ కాపీలో దొరకని పటాలు, పుస్తకాలు పెట్టెలో పెట్టి ఇచ్చారు. జనం కొన్నారు. ఆ తర్వాత సొంత గేము కట్టాలనుకున్నప్పుడు, తమ భాషా రచయిత ఆంజెయ్ సప్కోవ్‌స్కీ 1986 నుంచి రాస్తూ వచ్చిన విచర్ కథలు చేతికందాయి. తొలి గేము 2007లో వచ్చింది. 2011లో పోలండ్ ప్రధాని అమెరికా అధ్యక్షుడు ఒబామాకు ఇచ్చిన కానుకల్లో రెండో విచర్ గేము కూడా ఉంది. ముందు అనువాదం, తర్వాత సొంత కథ, ఆ తర్వాతే ప్రపంచ మార్కెట్. ఈ వరుస గుర్తుంచుకోదగ్గది.

పోలండ్ జనాభా నాలుగు కోట్లు కూడా లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8 కోట్ల పైచిలుకు. ఒక్క కర్ణాటకలోనే సుమారు 35 లక్షలు. అయినా ఈ కంపెనీ గత గేముల భాషల జాబితాలో తెలుగు కాదు కదా, ఒక్క భారతీయ భాష కూడా లేదు.

మన లిపి కంప్యూటరుకు కష్టమని కొందరంటారు. ఒకప్పుడు అందులో నిజముంది. చాలా గేము సాఫ్ట్‌వేర్లు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడానికే తయారయ్యాయి. అక్షరం కింద ఒత్తు, పైన గుడి కూర్చాలంటే తడబడేవి. విచర్ 4 తయారవుతున్న అన్‌రియల్ ఇంజన్ 5లో ఇలాంటి లిపులను సరిగ్గా పేర్చే ఏర్పాటు ఉంది. ఇప్పుడు లోటల్లా అడిగేవాళ్లు, రాసేవాళ్లు లేకపోవడమే.

చేతిపని తెలిసినవాళ్లకు మనకు కొదవ లేదు. 1997లో రాజేశ్ రావు ధ్రువ ఇంటరాక్టివ్‌ను స్థాపించింది ఈ బెంగళూరులోనే. విదేశీ గేములకు ఏళ్ల తరబడి బొమ్మలు గీసిన ఆ సంస్థను 2019లో రాక్‌స్టార్ గేమ్స్ కొనుక్కుంది. హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో మన పురాణాల నేపథ్యంతో 2017లో 'అసుర' అనే యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేము తెచ్చింది. పేర్లు మనవే, మాటలు ఇంగ్లీషువి. చిన్న బృందాన్ని తప్పుపట్టలేం. తెలుగులో ఉంటే కొంటామని వాళ్లకు మనం ఎప్పుడు చెప్పాం గనుక?

ఇక్కడ ఉపాధ్యాయులు ఒక న్యాయమైన ప్రశ్న అడుగుతారు: "ఇప్పటికే సమయం మింగేస్తున్న గేములకు తెలుగు కూడా అద్ది పిల్లల చేతికివ్వమంటారా?" ఇవ్వమనడం లేదు. మూడో విచర్ గేముకు యూరప్‌లో 18 ఏళ్లు నిండినవారికే అన్న ముద్ర ఉంది. కొత్తది కూడా బడి పిల్లలు ఆడేదిగా కనిపించడం లేదు. అది పెద్దల ఆట, ఇంట్లో ఆ గీత గట్టిగా గీయాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేముల సంగతి వేరు, 2025లో పార్లమెంటు చేసిన చట్టం వాటిని నిషేధించింది. ఈ రెంటినీ, వయసుకు తగిన కథా గేములనూ ఒకే గాటన కట్టి అన్నిటినీ తిడితే, పిల్లలు ఏం ఆడుతున్నారో మనకు చెప్పడం మానేస్తారు. అప్పుడు ఏది తగినదో చెప్పే అవకాశం కూడా పోతుంది.

బడిలో చేయగలిగిన పని ఒకటుంది. దానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. ఏడో తరగతి పిల్లలకు పల్నాటి కథ చెప్పండి. కోడిపందెం దగ్గర ఆపండి. "నువ్వే బ్రహ్మనాయుడివి. పందెం ఒప్పుకుంటావా, కాదంటావా, మరో దారి చూపిస్తావా?" అని అడగండి. మూడు జవాబులకూ మూడు కథలు, వాటిలో నాగమ్మ ఏమంటుందో, బాలచంద్రుడు ఏమంటాడో సంభాషణలుగా నోటుబుక్కులో రాయించండి. గేము రచయితలు చేసే పని ఇదే. వాచకం ముట్టని పిల్లవాడు దీనికి పది పేజీలు రాస్తే నేను ఆశ్చర్యపోను, ఎందుకంటే ఈ ఆట నియమాలు అతనికి మనకంటే బాగా తెలుసు. పాత చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క' లాంటి ధారావాహికలు చదివి వినిపిస్తే, మాంత్రికులూ రాక్షసులూ తెలుగులో ఎలా మాట్లాడతారో కూడా తెలుస్తుంది. ఇంట్లో అయితే పిల్లవాడి పక్కన పావుగంట కూర్చుని "ఈ కథేమిటో నాకు తెలుగులో చెప్పు" అని అడిగితే చాలు. మాటలు వెతుక్కుంటాడు. ఆ వెతుకులాటే మనకు కావలసింది.

పిల్లలు ఇంగ్లీషులో పాఠాలు, కన్నడలో వీధి వ్యవహారం నేర్చుకుంటున్నారు. రెండూ అవసరమే, ఈ రాష్ట్రంలో ఉంటున్నవాళ్లుగా కన్నడం బాగా రావాలి కూడా. తెలుగు మాత్రం పరీక్షలో మార్కుల సబ్జెక్టుగా మిగిలితే, పదో తరగతి దాటిన మర్నాడే దాన్ని మూలన పడేస్తారు. తమకు ఇష్టమైన పనికి పనికొచ్చిన భాషను ఎవరూ అంత తేలిగ్గా వదలరు.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతికి ప్రతి బడిలోనూ పద్యాల పోటీ, ఉపన్యాసాల పోటీ పెడతాం. ఈసారి వాటి పక్కన గేము సంభాషణల పోటీ ఒకటి చేర్చండి. వాడుక భాష కోసం పోరాడిన మనిషి రోజున, కోలారు తెలుగు, అనంతపురం తెలుగు, కన్నడం కలిసిన మన బెంగళూరు తెలుగు పాత్రల నోట పలకనివ్వండి. బాగా వచ్చిన వాటిని నగరంలోని గేము స్టూడియోలకు పంపండి. తెలుగులో రాయగలవాళ్లు, తెలుగులో ఆడాలనుకునేవాళ్లు ఇక్కడ ఉన్నారని వాళ్లకు మనమే చెప్పాలి.